మూడో అంతస్తు కిటికీలో తులసి కుండీ

పోయినవారం ఈ కథ ఆపేసరికి నేను రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య మెట్ల మీద ఉన్నాను. ఒక చేతిలో బంగాళదుంపల సంచి, రెండో చెయ్యి గోడ మీద. ఇంకా అక్కడే ఉన్నాను.

మరిచిపోయినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. నా పేరు హలీనా. పోలండులో, తూర్పు సరిహద్దు దగ్గర, మనుషులకన్నా ఆవులు ఎక్కువున్న ఊరు మాది. అక్కడ పాల డెయిరీలో వెన్న శాతం చూసే ఉద్యోగం నాది. మా ఆయన వితోల్ద్‌కి ఇక్కడ లిస్బన్‌లో, నది అవతల ఓడలు బాగుచేసే యార్డులో ఇంజనీరు పని దొరికితే రెండేళ్ళకని వచ్చాం. రెండేళ్ళు, ఆపైన ఒక్క రోజు కూడా కాదని మా పెళ్ళి ఫోటో మీద చెయ్యి వేయించి మరీ మాట తీసుకున్నాను. డెయిరీవాళ్ళు జీతం లేని సెలవు ఇచ్చారు. జూలై ఒకటిన తిరిగి చేరుతున్నానని నేను సంతకం పెట్టిన కాగితం జూన్ పదిహేనుకల్లా మేనేజరు చేతిలో ఉండాలి. లేకపోతే నా కుర్చీ బొజేనాది. బొజేనా నా కింద పనిచేసిన పిల్ల. క్యాను కలియబెట్టకుండానే పైపై పాలు తీసి పరీక్ష చేస్తుంది. ఆ కుర్చీలో అది కూర్చుందన్న ఊహకే నాకు నిద్ర పట్టదు. అందుకే మూడు వారాల కిందటే కాగితం రాసి, కవరులో పెట్టి, తపాలా బిళ్ళ అంటించి, యార్డుకి వెళ్తూ పోస్టులో వెయ్యమని వితోల్ద్‌కి ఇచ్చాను. వేశానన్నాడు.

ఇవాళ జూన్ పన్నెండు, శుక్రవారం. రేపు పునీత అంతోని పండగ, ఊరంతా సెలవు. బంగాళదుంపలు కొనుక్కుని వస్తుంటే సందు మొదట్లో బల్ల పరుచుకుని కుండీలు అమ్మే ఫెలిస్మీన నన్ను ఆపింది. రెండేళ్ళుగా తల ఊపడం తప్ప నేను ఆమెతో మాట్లాడింది లేదు. అయినా ఆమె ఎవరితోనైనా మాట్లాడుతుంది, రాతి గోడతోనైనా.

“కుండీ నచ్చిందా పొరుగమ్మా? మీ ఆయన ఉన్నవాటిలోకెల్లా గుండ్రటిది కావాలని బల్లంతా తిరగేశాడు.”

నేను తల ఊపాను. మా ఇంట్లో కుండీ లేదు.

ఆ కుండీ ఏమిటో ఈ ఊళ్ళో చంటిపిల్లకి కూడా తెలుసు. సన్నాకు తులసి, బంతిలా కత్తిరించినట్టు పెరుగుతుంది. మధ్యలో ఒక కాగితప్పువ్వు, పువ్వు పక్కన పుల్లకి అంటించిన చిన్న జెండా, జెండా మీద నాలుగు పాదాల పాట. ముక్కు ఆనించి వాసన చూడకూడదు, మొక్క వాడిపోతుంది. అరచెయ్యి పైన ఆడించి, ఆ అరచేతిని వాసన చూడాలి. అంతోని పండగకి మగవాడు దాన్ని తను మనసిచ్చిన ఒక్క ఆడదానికే కొంటాడు. వదినకి కొనడు, పిన్నికి కొనడు.

సందులోకి తిరిగి తలెత్తి చూశాను. మా కిటికీ పైన, మూడో అంతస్తు కిటికీలో, సరిగ్గా వీధికి కనబడేలా, గుండ్రటి కుండీ. ఎర్ర కాగితప్పువ్వు.

అక్కడినుంచి మెట్లు.

మూడో అంతస్తులో ఉండేది లియోనిల్ద్. నలభై నాలుగేళ్ళు, కుట్టుపని. మా అల్ఫామా పేట వాళ్ళు ప్రతి ఏడూ అంతోని పండగ ముందురోజు సాయంత్రం ఊరేగింపుగా వెళ్ళి పెద్దవీధిలో మిగతా పేటలతో పోటీపడి ఆడతారు కదా, ఆ ఆటకి ఆడవాళ్ళ బట్టలన్నీ ఆమె కుట్టినవే. మగడు అమదేవు మూడేళ్ళ కిందట పక్కపేట మనిషితో వెళ్ళిపోయాడు. పోయినా పర్వాలేదు గానీ పక్కపేట తరఫున ఆటలో కూడా చేరాడు. మా పేటవాళ్ళు మొదటి తప్పు క్షమించారు, రెండోది క్షమించలేదు.

ఏడాదిన్నరగా వారానికి రెండు సాయంత్రాలు మా ఆయన ఆ ఇంటికి వెళ్తున్నాడు. భాష నేర్చుకోవడానికట. మొదట ప్యాంట్లు పొట్టి చేయించుకోవడానికి వెళ్ళాడు. పదిహేనేళ్ళ కాపురంలో ఆ మనిషి కాలి పొడుగు నాకు తెలుసనుకున్నాను. నాకన్నా బాగా తెలిసిన మనిషి పై అంతస్తులో ఉంది.

మా వంటింటి కిటికీ, ఆమె వంటింటి కిటికీ ఒకే ఇరుకు గాలిసందులోకి తెరుచుకుంటాయి. పైన దగ్గితే కింద నాకు వినబడుతుంది. ఆ కిటికీ దగ్గర స్టూలు వేసుకుని దుంపల చెక్కు తీస్తూ ఈ ఏడాదిన్నరా విన్నాను. ఆమె అతన్ని “ఇంజనీరు గారూ” అంటుంది. మా ఊళ్ళో అతన్ని ఎవరూ అలా పిలవలేదు. కన్నతల్లికి కూడా వితెకే. ఆ పిలుపు వినగానే అతని గొంతు కొంచెం లావవుతుంది. తరవాత నవ్వు. నా దగ్గర నవ్వే నవ్వు కాదు, పొట్టలోంచి వచ్చే నవ్వు. ఏం మాట చెబితే అంత నవ్వొస్తుందో తెలుసుకోవాలని నేను ఒక్కో మాటా పట్టుకున్నాను. క్యాలెండరు కాగితాల వెనక రాసుకున్నాను. దోసకాయలు ఊరవేసే జాడీలకి వినిపించి పలకడం నేర్చుకున్నాను. వితోల్ద్ పుస్తకం పెట్టుకుని, పై అంతస్తు పంతులమ్మని పెట్టుకుని నేర్చుకున్నాడు. నేను కడుపుమంటతో నేర్చుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే కిటికీ మూసుకుని మాట్లాడతారు. ఇంకో కారణం కూడా ఉంది. ఈ భాష నాకు వచ్చని ఒప్పుకుంటే ఈ ఊరు నాదని ఒప్పుకున్నట్టే. నేను వెళ్ళిపోయే మనిషిని.

మెట్ల మీద నిలబడి మూడు వాక్యాలు సిద్ధం చేసుకున్నాను. మూడోది కొంచెం మోటు. ఫెలిస్మీన తన అల్లుణ్ణి తిట్టేటప్పుడు విన్నది.

లియోనిల్ద్ ఇంటి తలుపు ఎప్పుడూ ఓరగానే ఉంటుంది. తోశాను. గది నిండా నీలం లంగాలు, వెండి చమ్కీలు, నేల మీద దారం ముక్కలు. వీధిలోంచి బొగ్గుల మీద చేపలు కాలుతున్న పొగ. కుట్టు మిషను ముందు ఆమె. మధ్యాహ్నం మూడైంది. ఆరింటికల్లా ఆటవాళ్ళు బట్టలు కట్టుకుని వీధిలో నిలబడాలి. తల ఎత్తి నన్ను చూసి, దేవుడే పంపించినట్టు రెండు చేతులూ చాపింది. నేను నోరు తెరిచేలోపల సంచి నా చేతిలోంచి లాగి మూల పెట్టేసింది. రెండు బుగ్గల మీదా ముద్దులు పెట్టింది. ఈ ఊళ్ళో ఆ ముద్దులు గుమ్మం దాటిన ప్రతివాళ్ళకీ పెడతారు. నా బుగ్గలు మాత్రం కాలిపోయాయి.

ఆమె చేతులతో పెద్ద పెద్ద సైగలు చేసింది. తన నడుము చూపించింది, నా నడుము చూపించింది, ఒక నీలం లంగా చూపించింది. అర్థమైంది. ఆఖరి లంగా అంచు మడవాలి, కట్టుకోవలసిన పిల్ల జుట్టు దువ్వించుకోవడానికి వెళ్ళి రాలేదు. నా నడుము, ఆ పిల్ల నడుము ఒకటేనట. కాదనే వీలు ఇవ్వలేదు. నా గౌను మీదనుంచే లంగా తొడిగేసింది, మోచెయ్యి పట్టుకుని స్టూలు ఎక్కించేసింది. తాను నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని, గుండుసూదులు గుప్పెడు నోట్లో పెట్టుకుంది.

తగువుకి వెళ్ళిన మనిషిని. చమ్కీల లంగాలో స్టూలు మీద నిలబడ్డాను. చుట్టూ సూదులు. కదిలితే గుచ్చుకుంటుంది.

ఆమె పని చేస్తూ తనలో తాను మాట్లాడుకోవడం మొదలుపెట్టింది. నాకు రాదనుకుంది కదా, పిల్లితో మాట్లాడినట్టు మాట్లాడింది. పళ్ళ మధ్య సూదులతో.

“ఇంత చక్కటి నడుము పెట్టుకుని రెండేళ్ళూ ఊరగాయ జాడీల మధ్య కూర్చున్నావు తల్లీ. ఒక్కనాడు పైకి రాలేదు, ఒక్కనాడు వీధిలోకి రాలేదు. ఆ మనిషేమో దిగులు మోసుకుని ఇక్కడికొస్తాడు. ఇక్కడ దించేసి కిందికి పోతాడు. ఇదేం కాపురమో.”

నేను సిద్ధం చేసుకున్న మూడు వాక్యాల్లో ఒక్కటీ నోటికి రాలేదు.

“కుడివైపు కొంచెం ఎక్కువ మడిచారు. అక్కడ వేలాడుతోంది,” అన్నాను. ఆమె భాషలో.

సూదులు నేల మీద పడ్డ చప్పుడు విన్నాను. లియోనిల్ద్ మొహం నా మోకాళ్ళ దగ్గరనుంచి పైకి లేచింది. అందులో సిగ్గు లేదు. కోడిపుంజు మాట్లాడితే వినే మనిషి మొహం అది.

“మీకొచ్చా?”

“వచ్చు.”

“ఎప్పట్నించి?”

“మీరు మా ఆయన్ని మొదటిసారి నవ్వించినప్పట్నించి.”

ఆమె వెనక్కి కూలబడి మడమల మీద కూర్చుంది. నేను కిటికీ వైపు చూపించాను. స్టూలు మీదనుంచి కుండీ మీది జెండా బాగా కనబడుతోంది. గట్టిగా చదివాను. రెండేళ్ళలో ఆ భాషలో ఎవరి ముందూ చదవలేదు.

“కిటికీలో నిన్ను చూశాను,
గాలికి ఆ మాట చెప్పాను,
గాలి వీధంతా చాటేసింది,
తలుపు ఇక నువ్వే తియ్యాలి.”

“బాగా చదివారు,” అంది లియోనిల్ద్ నెమ్మదిగా.

“తలుపు తీశారా?”

ఆమె కిందపడ్డ సూదులు ఒక్కొక్కటే ఏరుకోవడం మొదలుపెట్టింది. ఏరుతూనే చెప్పింది. మా ఆయన అది మొన్న సాయంత్రం తెచ్చాడట. రెండు చేతులతో పట్టుకుని, దోసకాయ జాడీ ఇచ్చినట్టు ఇచ్చి, “చేసిన సాయానికి చిన్న మొక్క” అన్నాడట. అంతటితో ఆగకుండా వంగి ముక్కు ఆనించి వాసన చూశాడట. ఆ ముక్కు చూడగానే ఆమెకి అర్థమైందట, ఈ మనిషికి ఏమీ తెలియదని. యార్డులో ఎవరో పండగకి ఇచ్చుకుంటారని చెప్పి ఉంటారు. ఎవరికి ఇచ్చుకుంటారో చెప్పలేదు.

నేను నమ్మాను. నమ్మడం ఇష్టం లేకపోయినా నమ్మాను. మా వితోల్ద్ మా పెళ్ళిరోజున మా అమ్మకి ఇవ్వవలసిన పూలగుత్తి తీసుకెళ్ళి ఫోటో తీసేవాడి భార్యకి ఇచ్చిన మనిషి.

“ఆయనకి తెలియదు సరే. మీకు తెలుసు కదా.”

“తెలుసు.”

“తిరిగి ఇచ్చెయ్యొచ్చు. వెనకవైపు కిటికీలో పెట్టుకోవచ్చు. వీధికి ఎదురుగా ఎందుకు పెట్టారు?”

లియోనిల్ద్ లేచి నిలబడింది. నేను స్టూలు మీద ఉన్నాను కాబట్టి మొదటిసారి ఆమె నాకన్నా పొట్టిగా కనిపించింది. జుట్టు పాపిట దగ్గర తెల్లదనం కూడా కనిపించింది. ఆ తెల్లదనం చూసి సంతోషించాను, ఎందుకు దాచాలి.

“అమదేవు రోజూ పొద్దున ఈ సందులోంచే పోతాడు,” అంది. “వేరే దారి లేక కాదు. నేను ఎంత ఎండిపోయానో చూసుకోవడానికి పోతాడు. మూడేళ్ళుగా ఈ పండగకి నా కిటికీ ఖాళీ. ఇవాళ పొద్దున తలెత్తి చూశాడు. చూసి, ఆగి, చెప్పు తడబడి గోడ పట్టుకున్నాడు. ఆ ఒక్క క్షణం కోసం పెట్టాను పొరుగమ్మా. మంట ఆ ఇంట్లో పెడదామనుకున్నాను. కింద మీ వంటింట్లో అంటుకుందని నాకేం తెలుసు. మీకు మా మాటలే రావనుకున్నాను.”

ఏం చెప్పను. ఆ మనిషిని జుట్టు పట్టుకుని లాగాలని వచ్చాను. నేను నా మొగుడి నవ్వు కోసం గాలిసందుకి చెవి ఆనించి కూర్చున్నట్టే, ఈమె తన మొగుడి చెప్పుల చప్పుడు కోసం వీధి కిటికీ దగ్గర కూర్చుంది. ఒకే మెట్ల మీద, ఒక అంతస్తు తేడాతో.

“ఏం సాయం?” అన్నాను.

“ఆఁ?”

“సాయానికి మొక్క అన్నాడన్నారు. ఏం సాయం చేశారు?”

ఆమె చెయ్యి మళ్ళీ లంగా అంచు మీదకి పోయింది. సూది గుచ్చబోయి ఆగింది. చెప్పకూడనిది చెప్పకుండా ఉండటానికి చేతికి పని వెతుక్కునేవాళ్ళని నేను డెయిరీలో చాలామందిని చూశాను. నీళ్ళు కలిపినవాళ్ళు క్యాను మూత పదేపదే తుడుస్తారు. నేను ఆమెని తొందర పెట్టలేదు. ఊరికే గది చూస్తూ నిలబడ్డాను. స్టూలు ఎత్తుగా ఉంది కదా, మామూలుగా నిలబడితే కనబడనివి కనబడుతున్నాయి. బీరువా పైభాగం. దాని మీద దుమ్ము, చుట్టేసిన పాత నమూనా కాగితాలు, ఒక టోపీ. టోపీ కింద సగం కనిపిస్తున్న తెల్ల కవరు.

కవరు మీద నీలం సిరా. పెద్ద పెద్ద గుండ్రటి అక్షరాలు. జాడీల మీద తారీఖులు రాసి రాసి అలవాటైన నా చేతిరాత.

కింద ఎవరో చేపలు తిరగేసినట్టున్నారు, పొగ గుప్పున లోపలికి వచ్చింది. నేను దగ్గలేదు.

“ఆ కవరు నాది,” అన్నాను.

లియోనిల్ద్ వెనక్కి తిరిగి చూడలేదు. చూడక్కర్లేదు, ఆమెకి తెలుసు. బీరువా దగ్గరికి వెళ్ళి, కాలి వేళ్ళ మీద లేచి, టోపీ కిందనుంచి కవరు లాగి నా చేతికి ఇచ్చింది. మూత విప్పలేదు. నేను అంటించిన బిళ్ళ మీద పోస్టు ముద్ర లేదు.

“ఇంట్లో పెట్టుకోలేను, చించలేను, పోస్టులో వెయ్యలేను అన్నాడు,” అంది. “పదిహేనో తారీఖు దాకా దాచమన్నాడు. ఇది వెళ్తే మా ఆవిడ వెళ్ళిపోతుంది అన్నాడు. ఆమెని అడిగావా అన్నాను. అడగడానికి భయం అన్నాడు. నేను ఊరుకున్నాను. అది నా తప్పు.”

“అది ఒక సాయం. ఇంకోటి?”

“ఇంటి అద్దె కాగితం. ఇల్లుగలావిడ ఈ ఊరి మనిషి పూచీ ఉంటేనే మళ్ళీ రాస్తానంది. నేను సంతకం పెట్టాను.”

“ఎన్నాళ్ళకి రాశారు?”

“ఐదేళ్ళకి.”

ఐదేళ్ళు. పెళ్ళి ఫోటో మీద వేసిన చెయ్యి గుర్తొచ్చింది. ఆ చేతి మీద గ్రీజు మరక ఉండేది, ఎంత కడిగినా పోయేది కాదు. ఇక్కడికొచ్చాక పోయింది. గోళ్ళు కూడా శుభ్రంగా ఉంటున్నాయి. చిన్న కప్పు కాఫీ నిలబడి తాగడం నేర్చాడు. ఆదివారం పడవ గట్టున ఊరికే కూర్చోవడం నేర్చాడు. నేను ఇవన్నీ చూసి ఎవరో ఆడమనిషి ఉందనుకున్నాను. ఒక మనిషిని వెతికాను, దొరికిందనుకుని మెట్లెక్కాను. నా సవతి ఈ గదిలో లేదు. కిటికీ అవతల ఉంది. వీధి పొడుగునా కాగితం తోరణాలు కట్టుకుని, చేపల వాసన పూసుకుని, సాయంత్రం ఆటకి తయారవుతోంది. దాని జుట్టు పట్టుకుని లాగడం ఎలాగ?

“నవ్వించేది నేను కాదు,” అంది లియోనిల్ద్, నా మనసులో మాట విన్నట్టు. “ఆయన యార్డు కబుర్లు, పడవలో ముసలాళ్ళ కబుర్లు చెప్పి తనే నవ్వుతాడు. నేను కుట్టుకుంటూ ఊఁ కొడతాను. అంతే. ఈ కబుర్లు కిందే చెప్పొచ్చు కదా అన్నాను ఒకసారి. ఆమెకి ఈ ఊరి పేరెత్తితే కిట్టదు అన్నాడు.”

 నేను రోజులు లెక్కపెట్టాను. ఇవాళ శుక్రవారం, ఇప్పుడు పోస్టాఫీసులో ఇచ్చినా రేపు పండగ సెలవు, ఎల్లుండి ఆదివారం. సోమవారం పదిహేను. ఏ పోస్టూ అందుకోలేదు. ఫోను చేస్తే మేనేజరు ఒప్పుకోడు, కాగితం చేతికి రావాలంటాడు, ఆయన తన తమ్ముడి పెళ్ళి శుభలేఖ కూడా సంతకం చూసి గానీ నమ్మలేదు. ఈ కవరు సోమవారం పొద్దుటికి అక్కడ ఉండాలంటే ఒక్కటే దారి. నేనే మోసుకెళ్ళాలి. ఆదివారం తెల్లవారే విమానం ఒకటి ఉంది. వెళ్తే కుర్చీ నాది. వితోల్ద్ వెనక వస్తాడా రాడా, అది వేరే మాట. వెళ్ళకపోతే ఐదేళ్ళు.

“దిగండి,” అంది లియోనిల్ద్. “సూదులు తీసేస్తాను.”

“మడత పూర్తి చెయ్యండి,” అన్నాను. “ఎవరి పని ఎందుకు చెడాలి.”

ఆమె మళ్ళీ కూర్చుంది. ఈసారి సూదులు నోట్లో పెట్టుకోలేదు, నా చేతికి ఇచ్చింది. ఒక్కొక్కటే నేను అందిస్తుంటే ఆమె గుచ్చుతోంది.  కవరు నా చంకలో ఉంది. కిటికీ నా చేతికి అందేంత దూరంలో ఉంది. ఎందుకో అరచెయ్యి చాపి ఆ తులసి మీద ఆడించి, ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఘాటుగా ఉంది. మా ఊరి సోయాకూర వాసన కాదు, ఇంకేదీ కాదు. రెండేళ్ళలో ఈ ఊరిది ఏదైనా నేను కావాలని వాసన చూడటం అదే మొదటిసారి.

అప్పుడు మెట్ల మీద అడుగులు వినిపించాయి.

రెండేసి మెట్లు ఒక్కసారి ఎక్కే మనిషి. పండగని యార్డు తొందరగా వదిలినట్టున్నారు. సాయంత్రం ఆటలో పాడబోయే పాటని ఈల వేస్తున్నాడు, ఒక్క స్వరం కూడా తప్పకుండా. మా అంతస్తు దగ్గర అడుగులు నెమ్మదించాయి. మా తలుపుకి చెవి పెట్టి ఉంటాడు, నేను వంటింట్లో ఉన్నానో లేదో అని. తరవాత మళ్ళీ పైకి.

లియోనిల్ద్ నా మొహం చూసింది. నేను వేలు పెదవుల మీద పెట్టుకున్నాను.

అతను లోపలికి రాలేదు. ఓరగా ఉన్న తలుపు అవతల నిలబడి, ఒగరుస్తూ, ఆమె భాషలో అడిగాడు. ఆ లావుపాటి గొంతు, ఇంజనీరు గారి గొంతు.

“లియోనిల్ద్ గారూ, మా కవరు భద్రమే కదా? ఇంకెంత, మూడు రోజులు.”

సూది ఒకటి నా వేళ్ళ మధ్య ఉండిపోయింది. స్టూలు మీద, చమ్కీల లంగాలో, తిన్నగా నిలబడ్డాను. ఆ భాషలోనే, ఫెలిస్మీన బల్ల దగ్గర కొత్తవాళ్ళతో మాట్లాడేంత మర్యాదగా చెప్పాను.

“భద్రంగానే ఉందండీ. లోపలికొచ్చి తీసుకోండి.”

ఈల ఆగింది.  పదిహేనేళ్ళుగా నా పక్కన పడుకున్న మనిషి తలుపు అవతలే నిలబడి ఆ గొంతు ఎవరిదా అని వెతుక్కున్నాడు. దొరకలేదు.

“క్షమించాలి,” అన్నాడు, చాలా గౌరవంగా. “మీరు ఎవరండీ?”